కోనసముద్రపు ఉక్కు – బందరు రేవు

ఉక్కు అను మాటను తెలుగువారు రెండర్థములలో వాడుదురు. ఒకటి లోహము, రెండవది బలము. 'వాని ఉక్కు అణగినది' అన్నప్పుడు అక్కడ కొలిమియు లేదు, సమ్మెటయు లేదు. అయినను వినువానికి భావము వెంటనే తెలియును. లోహమును బట్టి బలమునకు ఆ పేరు వచ్చెనో, బలమును బట్టి లోహమునకు వచ్చెనో నిఘంటుకారులు తేల్చవలసిన సంగతి. ఇప్పుడు మనము ముచ్చటించుకొనదలచినది మరియొకటి. ఈ రెండక్షరముల మాట ఓడయెక్కి సముద్రములు దాటి, పాశ్చాత్యుల శాస్త్రగ్రంథములలో 'వూట్జ్' అను వింత రూపముతో స్థిరపడినది.

అది జరిగిన విధమిది. బొంబాయిలో వైద్యుడుగా ఉన్న హెలెనస్ స్కాటు అను నాతడు 1794వ సంవత్సరమున లండనులోని రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్సుకు కొన్ని ఉక్కు బిళ్ళలను పంపెను. మరుసటి సంవత్సరము జార్జి పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి ఒక వ్యాసము ప్రకటించెను. 'వూట్జ్' అను పదము మొదట అచ్చుపడినది ఆ వ్యాసములోనే. కన్నడమునను తెలుగునను వాడుకలోనున్న 'ఉక్కు' అను పదమే వ్రాతలోనో వినికిడిలోనో రూపు చెడి అట్లయ్యెనని పలువురు పండితుల అభిప్రాయము. తమిళమున ఉక్కును 'ఉరుక్కు' అందురు. కరిగించుట అను అర్థము ఆ మాటలోనే ఇమిడియున్నది. ఈ కరిగించుటయే మన కథకు మూలము.

ఇనుమునకును ఉక్కునకును గల భేదము తెలిసికొనుటకు ప్రయోగశాలకు పోనక్కరలేదు. వంటయింటి వరకు పోయిన చాలును. దోసెలు పోయు పోత ఇనుప పెనము వేడిని చక్కగా నిలుపుకొనును గాని, చేయిజారి బండపై పడినచో పగులును. ఎడ్లబండి చక్రమునకు బిగించిన ఇనుప పట్టా ఎన్ని రాళ్ళపై దొర్లినను పగులదు, వంగును; కాని దానికి వాడి నిలువదు. కత్తిపీట అంచు వంగనూ వంగదు, పగులనూ పగులదు, నూరినకొలది తెగును. ఈ మూడును ఇనుమే. భేదమంతయు అందులో కలసిన కర్బనమున, అనగా బొగ్గులోని సారమున ఉన్నది. బండి పట్టా వంటి చేత ఇనుమున కర్బనము దాదాపు లేనట్లే. పోత ఇనుమున నూటికి మూడు నాలుగు పాళ్ళు ఉండును. ఈ రెండింటికి నడుమ, నూటికి రెండు పాళ్ళకు లోబడి కర్బనము గలది ఉక్కు.

ఇందులో ఒక చిక్కు కలదు. శుద్ధమైన ఇనుము కరగవలెనన్న 1,538 సెంటిగ్రేడు డిగ్రీల వేడి కావలెను. తోలు తిత్తులతో ఊదు పూర్వపు కొలిమిలో అంతటి వేడి పుట్టించుట అసాధ్యము. అందుచేత కమ్మరి పొందినది కరిగిన ఇనుము కాదు, చిట్టెముతో కలిసి ముద్దకట్టిన ఇనుము. దానిని ఎఱ్ఱగా కాల్చి సమ్మెటతో బాదగా బాదగా చిట్టెము కొంత కారిపోవును, కొంత లోపలనే చిక్కుకొనును. కత్తి అంచున అట్టి చిట్టెపు పొర వచ్చినచో కత్తి అక్కడనే తెగును. దీనికి విరుగుడొకటే. ఇనుమును నిండుగా కరిగించవలెను. కరిగిన లోహముపై చిట్టెము తెట్టెవలె తేలును. లోహము అంతట ఒకే విధముగా ఉండును. కర్బనము కలిసినకొలది ఇనుము కరగుటకు కావలసిన వేడి తగ్గునను రహస్యమును మన కమ్మరులు సూత్రరూపమున ఎరుగకపోయినను చేతిలో ఎరిగియుండిరి. ఇనుప ముక్కలను మట్టి మూసలో పెట్టి, నోరు మూసి, రాత్రింబగళ్ళు కాల్చినచో ఆ ఇనుము కర్బనమును పీల్చుకొని తుదకు కరగును. ఇట్లు మూసలో కరిగి గడ్డకట్టిన ఉక్కే పాశ్చాత్యులు అబ్బురపడిన ఉక్కు.

దక్షిణ దేశమున ఈ పని పలుచోట్ల జరిగినది. సేలము, మైసూరు ప్రాంతములలో మూసలో ఇనుముతో పాటు తంగేడు కొయ్య ముక్కలను, జిల్లేడు ఆకులను పెట్టెడివారు. ఆ కొయ్యయే బొగ్గయి ఇనుమునకు కర్బనమునిచ్చెడిది. తెలంగాణములో పద్ధతి వేరు. ఆ పద్ధతికి పేరుపొందిన గ్రామము నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము.

కోనసముద్రపు పనితనమును కన్నులార చూచి వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. ఈతడు వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. దేశమును కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో పని చేసినవాడు. 1824లో మరణించెను. అతని వ్యాసము ఎనిమిదేండ్ల తరువాత, 1832లో, కలకత్తా నుండి వెలువడు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయ్యెను. అందు వర్ణించిన విధానము తెలిసికొనదగినది. కమ్మరులు రెండు తావుల నుండి రెండు విధములైన ఇనుమును తెప్పించుకొనిరి. ఒకటి అయస్కాంత గుణముగల నల్ల ఇసుక నుండి తీసినది. మరియొకటి ఎఱ్ఱని జేగురు రాతి నుండి తీసినది. ఈ రెండింటిని తగు పాళ్ళలో కలిపి మూసలో వేసి, పైన గాజు పెంకులు కప్పిరి. గాజు కరిగి మూతవలె పరచుకొని గాలి సోకకుండ కాపాడును. మూసకు మట్టి ఎంచుటయు ఒక విద్యయే. మామూలు మట్టి ఆ వేడికి కరిగి కూలిపోవును. అందుచేత గట్టి మట్టిలో వరి ఊక కలిపి మూసలు చేసిరి. ఊక కాలి బొగ్గయి మూసకు బిగువునిచ్చును. అన్నము పెట్టిన వరియే ఉక్కు మూసకును పనికివచ్చినదన్నమాట. కృష్ణా డెల్టా శ్రోతలకు ఈ సంగతి వింతగను ఇంపుగను ఉండును.

కొలిమికి నాలుగు తిత్తులు. ఇరువదినాలుగు గంటలు ఎడతెగక ఊదుడు. పిదప కొలిమిని మెల్లగా చల్లారనిచ్చి, మూసలను పగులగొట్టి బిళ్ళలను బయటికి తీసెడివారు. ఒక్కొక్క బిళ్ళ తూకము సుమారు ఒకటిన్నర పౌను, అనగా ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువ. అంతటితో పని ముగియలేదు. ఆ బిళ్ళ అప్పటికింకను పెళుసు. దానికి మట్టి పూసి మరల పన్నెండు మొదలు పదునారు గంటలు కాచి చల్లార్చి, కావలసిన మెత్తదనము వచ్చువరకు ఆ పనియే తిరిగి తిరిగి చేసెడివారు. ఇంత శ్రమకు ఫలము అరచేత ఇముడు లోహపు బిళ్ళ.

వాయిసీ కోనసముద్రమున ఒక పారసీక వర్తకుని కలిసికొనెను. అతని పేరు హాజీ హుసేను, స్వస్థలము ఇస్ఫహాను. అంత దూరము నుండి వచ్చి తెలంగాణపు పల్లెలో మకాముచేసి, బిళ్ళల తూకము దగ్గరుండి చూచుకొని కొనుచుండెను. ఈ విధానము తమ దేశమువారికి తెలిసినదే యనియు, అక్కడ చేయుటకు ప్రయత్నించి విఫలులైరనియు అతడు చెప్పినట్లు వాయిసీ వ్రాసెను. వర్తకుని పేరు చరిత్రకెక్కినది, అధికారి పేరు చరిత్రకెక్కినది. ఇరువదినాలుగు గంటలు కొలిమి ముందు నిలిచిన కమ్మరి పేరు ఒక్కటియైనను ఆ కాగితములలో లేదు. మన చేతివృత్తుల చరిత్ర వ్రాయబూనిన ప్రతివారికిని ఎదురగు లోటిది. దీనిని చిన్న లోటని మేము అనుకొనము.

పారసీకులు తమ దేశమున ఈ పని ఎందుకు చేయలేకపోయిరి? ఈ ప్రశ్నకు సమాధానము దాదాపు రెండువందల యేండ్లకు గాని రాలేదు. ఈ ఉక్కుతో చేసిన కత్తిని పాలిష్ చేసి ఆమ్లము పూసినచో, నీటిపై అలలవలె, పట్టుబట్టపై నేతవలె చారలు తేలును. లోకము 'డమాస్కస్ కత్తి' అని కీర్తించినది దీనినే. 1990 ప్రాంతములలో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే అను కత్తుల కమ్మరి కలిసి అట్టి కత్తులను మరల చేసి చూచిరి. ఆ చారలు ఏర్పడుటకు ఇనుములో లేశమాత్రముగా కలసియున్న వెనేడియము వంటి ధాతువులు కారణమని వారు కనుగొనిరి. అనగా గుట్టు కమ్మరి చేతిలోనే కాదు, ఆ నేలలోని రాతిలోను ఉన్నది. విధానము తెలిసికొని ఇంటికి పోయినవాడు ఆ రాతిని వెంట తీసికొనిపోలేడు గదా! ఒక ఆచార్యుడును ఒక కమ్మరియు ఒకే కొలిమి ముందు కూర్చున్నప్పుడు గాని ఈ సంగతి తేలలేదనుట మరువరాదు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు అట్టి ప్రాచీన ఖడ్గమొకదానిలో కంటికానని కర్బన నాళికలను కూడ చూచితిమని ప్రకటించిరి.

ఇక డమాస్కస్ పేరు. డమాస్కస్ సిరియా దేశములోని నగరము. కత్తులు అక్కడి అంగళ్ళలో అమ్ముడుపోయినందున ఐరోపావారు వానిని డమాస్కస్ కత్తులనిరి. బందరులో ఓడయెక్కిన అద్దకపు బట్టను కొన్న దేశపు పేరుతో పిలిచినట్లే ఇదియును. అరబ్బులు మాత్రము ఎరిగి పలికిరి. మేలైన కత్తిని వారు 'ముహన్నద్' అనిరి. హిందూ దేశపుదని ఆ మాటకు అర్థము. అరబ్బుల ద్వారా ఆ పేరు స్పెయిను వరకు పోయి అక్కడ ఉక్కునకు 'అల్ఫిందె' అను రూపమున నిలిచినది.

ఈ వ్యాపారమున మన బందరునకు గల పాలు గొప్పది. గోలకొండ సుల్తానుల రాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్టణము. డచ్చివారు అక్కడ 1605లో వర్తకస్థానము పెట్టిరి. ఇంగ్లీషువారు 1611లో 'గ్లోబ్' అను ఓడలో వచ్చి దిగిరి. 1618 నుండి 1622 వరకు బందరులో ఇంగ్లీషు కంపెనీ కొలువున ఉన్న విలియం మెథ్వల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతములో ఇనుము, ఉక్కుల ఎగుమతిని పేర్కొనెను. తయారగు చోట అవి కడు చౌక యనియు, ఎద్దులపై ఎనిమిది దినములు నడిచి రేవు చేరునప్పటికి వెల పెరుగుననియు అతడు లెక్క చెప్పెను. సరకు వెలలో సగము దారియే తినును. నాడును అంతే, నేడును అంతే.

ఆ దారి ఎట్టిదో ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియె వ్రాసిన మజిలీల పట్టికలో కొంత తెలియును. కొల్లూరు వజ్రపు గనుల మీదుగా గోలకొండ నుండి రేవునకు వచ్చు మార్గములో అతడు చెప్పిన పేర్లు ఫ్రెంచి నాలుకపై నలిగి రూపుమారినను గుర్తుపట్టవచ్చును: బెజవాడ, ఉయ్యూరు, నిడుమోలు, పిమ్మట మచిలీపట్టణము. నేడు విజయవాడ నుండి బందరు పోవు బస్సు కండక్టరు పిలుచు పేర్లును ఇవే. అప్పటికి కృష్ణపై ఆనకట్ట లేదు. 1852–55 నడుమ గదా అది కట్టబడినది. వానకాలమున నల్లరేగడి బురదలో ఎద్దుల బిడారులు నడచుట ఎంత కష్టమో మన ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు.

ఈ టవెర్నియెయే పారసీక కత్తుల ఉక్కును గూర్చియు వ్రాసెను. చారలు తేలగల ఉక్కు గోలకొండ రాజ్యము నుండియే వచ్చుననియు, అది చిన్న రొట్టెముక్కంత బిళ్ళలుగా నుండుననియు, మంచి చెడ్డలు తెలియుటకు బిళ్ళను రెండుగా కోసి అమ్ముదురనియు అతని మాట. 1666–67లో ఈ దేశమున తిరిగిన థెవెనో అను మరియొక ఫ్రెంచివాడు నిజామాబాదు దారిలోని ఇందల్వాయిని పేర్కొని, అక్కడ చేయు కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతట అమ్ముడుపోవుచుండెనని వ్రాసెను. డచ్చివారు ఇంకను లోపలికి పోయి ఖమ్మము జిల్లాలోని నాగులవంచ యందు వర్తకస్థానము నెలకొల్పిరి. వజ్రములకై వచ్చినవారి కథలు మనకు చాల తెలియును. ఉక్కుకై వచ్చినవారి కథ అంతగా తెలియదు. వజ్రము రాజు తలపై కూర్చున్నది, ఉక్కు సైనికుని చేత నలిగినది. కారణము అదియే కాబోలు.

ఇనుము అంతయు కత్తులకే పోలేదు. నరసాపురము ప్రక్కనున్న మాధవాయపాలెమున పదునేడవ శతాబ్దిలో ఓడలు కట్టెడివారు. 1670 ప్రాంతములలో ఈ తీరమున తిరిగిన థామస్ బౌరీ అను ఇంగ్లీషు నావికుడు అక్కడి మంచి కలపను, మంచి ఇనుమును, కమ్మరుల నేర్పును మెచ్చుకొనెను. మేకులు, బోల్టులు, లంగరులు అక్కడనే తయారయ్యెడివి. ఇంగ్లీషు వర్తకులు కూడ తమ ఓడలు అక్కడ కట్టించుకొనిరి.

ఇప్పుడు ఇంగ్లండుకు పోదము. డాంకాస్టరు పట్టణమున బెంజమిన్ హంట్స్‌మన్ (1704–1776) అను గడియారముల పనివాడుండెను. గడియారపు స్ప్రింగునకు దొరకు ఉక్కు అతనికి నచ్చలేదు. ఒకచోట గట్టి, ఒకచోట మెత్తన; నడుమ చిట్టెపు పొరలు. అతడు షెఫీల్డు చెంతకు మకాము మార్చి, 1740 ప్రాంతమున, అప్పటి ఉక్కును మట్టి మూసలో వేసి కోకు బొగ్గు మంటపై నిండుగా కరిగించి అచ్చులలో పోసెను. దీనికి పోత ఉక్కు అని పేరు వచ్చినది. విచిత్రమేమనగా షెఫీల్డు కత్తుల పనివారు మొదట దానిని ముట్టలేదు, మరీ గట్టిదనిరి. హంట్స్‌మన్ ఫ్రాన్సుకు అమ్ముకొనెను. ఆ ఉక్కుతో చేసిన ఫ్రెంచి కత్తులు తిరిగి ఇంగ్లండు అంగళ్ళకు వచ్చినప్పుడు గాని షెఫీల్డువారి కండ్లు తెరవలేదు. చలిరాత్రి బిచ్చగాని వేషమున వచ్చి కొలిమి ప్రక్క పడుకొని ఒక పోటీదారుడు గుట్టు కాజేసెనని అక్కడ ఒక కథయు చెప్పుకొందురు. కథ నిజమో కాదో గాని, వృత్తి రహస్యములకు కాపలా అక్కడను ఇక్కడను ఒకటే.

ఇందుపై మనవారు కొందరు 'ఇదంతయు మనవద్దనుండి ఎత్తుకొనిపోయినదే' అందురు. మేము అట్లనజాలము. హంట్స్‌మన్ మన పద్ధతి చూచి నేర్చెననుటకు ఆధారము లేదు. పైగా రెండింటికిని ఒక ముఖ్యభేదము కలదు. కోనసముద్రపు ఉక్కు మూసలోనే కరిగి మూసలోనే గడ్డకట్టినది, దానిని పోయలేదు. అతి మెల్లగా చల్లారుటయే దాని గుణము, చారలకు హేతువు. హంట్స్‌మన్ ఉక్కు మూస నుండి అచ్చులోనికి పోయబడినది. వేగముగా, అధికముగా చేయుటకు అనువైనది. కాని మూసలో ఉక్కు కరిగించుట లోకమున తొలుత షెఫీల్డులో జరిగినదని వ్రాయు పుస్తకములును తప్పే. హంట్స్‌మన్ పుట్టుటకు ఎన్నో తరముల ముందే బందరు రేవులో మూస ఉక్కు బిళ్ళలు ఓడలకెక్కుచుండెను. ఉన్నది ఉన్నట్లు చెప్పిన మన గౌరవమునకు లోపము రాదు.

పిదప ఇంగ్లండు శాస్త్రజ్ఞులు మన బిళ్ళలను వదలలేదు. విద్యుచ్ఛాస్త్రమున ఋషివంటివాడైన మైకేల్ ఫారడే తన యౌవనమున జేమ్సు స్టోడార్టు అను శస్త్రచికిత్సా పరికరముల పనివానితో కలిసి 1819 నుండి 1822 వరకు ఈ ఉక్కునే పరీక్షించెను. దాని గుట్టు ఏ ఇతర లోహపు కలయికలోనో ఉండునని తలచి ఉక్కులో వెండి మొదలుగా పలు లోహములను కలిపి చూచెను. గుట్టు కర్బనమున ఉన్నదని అదే కాలమున తేల్చినవాడు పారిసు నాణెముల ముద్రణాలయమున పనిచేసిన బ్రెయాన్. అయినను ఫారడే శ్రమ వృథా కాలేదు. ఇతర లోహములు కలిపి ఉక్కు గుణమును మార్చవచ్చునను ఆలోచనకు ఆ ప్రయోగములే తొలి మెట్టు.

మదరాసు ప్రభుత్వ ఉద్యోగియైన జోసయా మార్షల్ హీత్ కథ మరియొక తీరు. ఈతడు ఉద్యోగము వదలి 1830లో దక్షిణార్కాడు తీరమున పరంగిపేట యందు ఇనుప కర్మాగారము పెట్టెను. తరువాత ఇంగ్లండు పోయి, మూసలో కొంచెము మాంగనీసు కలిపినచో నాసి ఇనుముతోను మంచి పోత ఉక్కు చేయవచ్చునని కనుగొని 1839లో పేటెంటు పొందెను. షెఫీల్డువారు దానిని కొద్దిగా మార్చి వాడుకొని లక్షలు గడించిరి, హీత్‌కు ఏమియు చెల్లించలేదు. కోర్టుల చుట్టు తిరిగి తిరిగి అతడు పేదవాడై 1851లో మరణించెను. తెలుగునాట విజయనగరము ప్రాంతమున 1892లో మాంగనీసు గనుల త్రవ్వకము ప్రారంభమైనది. భారతదేశమున మాంగనీసు త్రవ్వకమునకు అదియే ఆరంభము.

అంతవరకు పోత ఉక్కు దిమ్మెగా పోసి, సమ్మెటతో సాగగొట్టి పనిముట్లు చేసికొనుటకే వినియోగమైనది. ఏకముగా వస్తువు ఆకారముననే పోయుట మరియొక మెట్టు. ఉక్కు కరగుటకు వేడి ఎక్కువ. అచ్చు ఇసుక తట్టుకొనవలెను. అంతకంటె పెద్ద ఇబ్బంది, ఉక్కు గట్టిపడునప్పుడు ముడుచుకొనుట. పోత ఇనుము నూటికొక పాలు ముడుచుకొన్న, ఉక్కు రెండు పాళ్ళు ముడుచుకొనును. ఆ లోటు తీర్చుటకు అచ్చుపై అదనపు లోహము నిలుపు బొడిపెలుంచి, గట్టిపడు వస్తువునకు పైనుండి ద్రవము దిగునట్లు చేయవలెను. లేకున్న లోపల డొల్లలు ఏర్పడును. జర్మనీలోని బోకుమ్ పట్టణమున యాకోబ్ మయ్యర్ ఈ విద్య సాధించి 1855 పారిసు ప్రదర్శనమునకు పోత ఉక్కు గంటలను పంపెను. ఎస్సెన్ పట్టణపు ఆల్ఫ్రెడ్ క్రుప్ అది నమ్మక, అవి పోత ఇనుపవే అని వాదించెను. మయ్యర్ వాదము పెట్టుకొనలేదు; ఒక గంటను పగులగొట్టించి ఆ ముక్కను కాల్చి సాగగొట్టి చూపించెను. పోత ఇనుము సాగదు గదా! మా మనస్సునకు ఈ కథ మిక్కిలి నచ్చినది. క్రుప్ కూడ తక్కువవాడు కాడు; 1851 లండను ప్రదర్శనములో రెండు టన్నుల పోత ఉక్కు దిమ్మెను నిలిపి జనులను నివ్వెరపరచినవాడు, అతుకులేని రైలు చక్రపు పట్టాలు చేసి ధనవంతుడైనవాడు.

ఈ లోపల కోనసముద్రము సంగతి ఏమైనది? ఒక్క దెబ్బతో కూలినది కాదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. 1722లో ఇస్ఫహాను ఆఫ్గనుల చేతిలో పడి, కొనువారి రాజ్యము కూలెను. కత్తుల స్థానమును తుపాకులు ఆక్రమించెను. 1856లో బెస్సిమర్ గాలి ఊది టన్నులకొలది ఉక్కును నిమిషములలో చేయు పద్ధతి కనిపెట్టగా, దినమెల్ల ఊది ముప్పాతిక కిలో బిళ్ళ చేయు కొలిమి ఎట్లు నిలుచును? కొలిమికి బొగ్గునిచ్చిన అడవులును తరిగినవి. రేవు పని కూడ అట్లే. బందరు రేవు మేటవేసి పెద్ద ఓడలు దూరముననే నిలువసాగెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. పట్టణము మరల మునుపటివలె కోలుకొనలేదు.

ఈ పతనమునకు పరదేశపు పోటీ యొక్కటే కారణమని చెప్పుట సులువు. అది పెద్ద కారణమే. కాని మరియొక కారణమును దాచరాదు. ఆ విద్య తండ్రి చేతినుండి కొడుకు చేతికి పోయినదే గాని కాగితమునకెక్కలేదు. కమ్మరికి అక్షరము నేర్పినవారు లేరు. అక్షరమెరిగినవారు కొలిమి చెంతకు పోలేదు. పని ఆగిన రెండు మూడు తరములలో తెలివి మాయమైనది. చివరకు దానిని మనము విదేశీయుని వ్యాసములో చదువుకొనవలసివచ్చినది. కొంతలో కొంత నయమేమన, ఇటీవల మనవారు ఆ నేలనే చదువ మొదలిడిరి. ఎస్. జైకిషన్ ఉత్తర తెలంగాణపు గ్రామములు తిరిగి ఇనుము, ఉక్కు పరిశ్రమను గూర్చి పుస్తకము వ్రాసెను. బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థకు చెందిన శారదా శ్రీనివాసన్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు గిల్ జులెఫ్ మున్నగువారు 2010లో ఆ ప్రాంతమున విస్తృతమైన సర్వే జరిపి, చేల గట్లపై చిట్టెపు దిబ్బలను, మూస పెంకులను వందల తావులలో గుర్తించిరి. కొన్ని పెంకులలో నాటి ఊక గుర్తులు నేటికిని కనబడును.

మన వైపు చూతము. 1966లో విశాఖ ఉక్కుకై ఆంధ్రదేశమంతట ఆందోళన రేగినది, నవంబరు 1న విశాఖపట్టణమున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితము. ఆ కర్మాగారమున కరిగిన ఉక్కునంతను దిమ్మెలుగా పోయక, నిరంతరముగా పోతపోయు పద్ధతినే అనుసరించిరి. మూసలోని గుక్కెడు లోహమునకును, ఆ ఎఱ్ఱని ధారకును పోలిక లేదు. పేరు మాత్రము అదే రెండక్షరములు.

విజయవాడలో ఉక్కు కొలుములు లేవు; ఉక్కు వాడుక ఉన్నది. రైలు కూడలిలో పట్టాలు ఒకదానినొకటి దాటు తావున ప్రతి చక్రమును ఒక దెబ్బ కొట్టి పోవును. అక్కడ మామూలు ఉక్కు త్వరలో అరుగును. అందుచేత మాంగనీసు పోత ఉక్కు క్రాసింగులు వేయుదురు. నూటికి పన్నెండు పదమూడు పాళ్ళ మాంగనీసుగల ఈ ఉక్కును షెఫీల్డులో రాబర్టు హాడ్‌ఫీల్డు 1882లో కనుగొనెను. దెబ్బ తగిలినకొలది పైపొర గట్టిపడుట దీని విశేషము. విజయవాడ చెంత రాయనపాడు కర్మశాలకు మరమ్మతునకు వచ్చు సరకు వాగనుల క్రింది బోగీలను చూడుడు. ప్రక్క చట్రములు, అడ్డదూలము పోత ఉక్కువి. పలకలు కోసి మేకులు బిగించి చేసినచో ప్రతి అతుకును ఒక బలహీనతయే. ఒక్క పోతలో వచ్చిన చట్రమునకు అతుకే లేదు. వాగనును వాగనుకు తగిలించు కొక్కెములును అట్టివే. పూర్వపు బిడారులు ఆగిన ఉయ్యూరున 1941లో చక్కెర కర్మాగారము వెలసినది. చెరకు పిండు అట్టి యంత్రములలో మహాభారము మోయు పళ్ళచక్రములను పోత ఉక్కుతో చేయుదురు. అన్నట్లు, పాత రేడియో పెట్టెలో మా గొంతు మీకు వినిపించుటకు తోడ్పడిన లౌడుస్పీకరు అయస్కాంతమును ఇనుములో నికెలు, అల్యూమినియము, కోబాల్టు కలిపి పోతపోసినదే.

ఇక ఆటోనగరు. 1966లో వెలసిన ఈ పేటలో లారీ క్రింద పొరలు పొరలుగా బిగించు పట్టీలను సరిచేయు కొలుములు ఇప్పటికిని మండుచున్నవి. హంట్స్‌మన్ తల పగులగొట్టుకొన్నది గడియారపు స్ప్రింగు కొరకు. ఇవి పది టన్నులు మోయు స్ప్రింగులు. పట్టీ ఎఱ్ఱనై ఏ రంగుకు వచ్చినప్పుడు తీయవలెనో, ఎంతసేపు నూనెలో ముంచవలెనో పనివాడు కంటితోనే తేల్చును. విరిగిన పట్టీ పారవేయబడదు. తూకానికి కొన్న ఊరి కమ్మరి దానిని ముక్కలు చేసి కాల్చి, కొట్టి, పదును పట్టించి కొడవలిగా చేయును. సార్వా కోతలకు అదే పొలములోనికి పోవును.